మూడు నెలల సాధన

మత్సుయె
నవంబరు 9, 1987

ఆట పుస్తకం రాసిన నెమొతొ షూహెయ్ గారికి,

నమస్కారం. ఇక్కడ సరస్సు మీద పొద్దున్న పది దాటినా పొగమంచు విడవడం లేదు. గుల్లలు ఏరే పడవలు కనిపించవు. వాళ్ళ వెదురు గెడలు అడుగున రాళ్ళకు తగిలే చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంటుంది. మీ టోక్యోలో ఎండ ఉందనుకుంటాను.

నా పేరు సొనొయామా ఇసొ. వయసు అరవై ఆరు. మధ్యలో ఎనిమిదేళ్ళు తప్ప నలభై ఏళ్ళుగా ఆడపిల్లలకు నగినాత నేర్పాను. మనిషి కంటే పొడుగైన కర్ర, దాని చివర వంపు కత్తి. ఇప్పుడు కొన్ని వారాలుగా సరస్సు ఒడ్డున ఉన్న ఆసుపత్రిలో ఉంటున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి.

మీ మీద నాకు కోపంగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

మా వార్డులో కాలు విరిగిన బస్సు డ్రైవరు కగెయామా గారున్నారు. ఆయన దగ్గర మీ పుస్తకం ఉంది. భోజనాలయ్యాక నలుగురం ఆయన మంచం చుట్టూ చేరి ఆడతాం. బోర్డు లేదు, పావులు లేవు. ఆయన కథ చెబుతాడు, మేం ఒక్కో మనిషిగా మారి ఏం చేస్తామో చెబుతాం, కొట్లాట వస్తే పాచికలు వేస్తాం. బాగానే ఉంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. నేను కిరి అనే పడుచుపిల్లను. నా చేతిలో నగినాత.

నిన్న కనుమలో నలుగురు దొంగలు అడ్డం వచ్చారు. పాచిక కలిసొచ్చి గెలిచాను. అది కిరికి మూడో కొట్లాట. కగెయామా గారు పుస్తకం తిరగేసి, "శుభం ఇసొ గారూ! ఇవాళ్టి నుంచి మీ కిరి నగినాతలో నిపుణురాలు!" అన్నాడు.

"నేను సాధన ఎప్పుడు చేశానండీ?" అన్నాను.

"సాధన దేనికి? గెలిచారుగా! గెలిస్తే పాయింట్లు, పాయింట్లొస్తే నైపుణ్యం. అచ్చులో ఉంది, చూడండి."

చూశాను. అచ్చులోనే ఉంది. అయ్యా, మూడు కొట్లాటలతో ఎవరూ నిపుణులు కారు. తెలియక రాశారా, తెలిసీ రాశారా?

సొనొయామా ఇసొ


టోక్యో, కాందా
నవంబరు 20, 1987

గౌరవనీయులైన సొనొయామా గారికి,

మీ ఉత్తరం మా ఆఫీసులో అందరం చదివాం. ఆసుపత్రిలో మా ఆట ఆడుతున్నారంటే మాకెంతో సంతోషం. త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం.

ఆట నిజ జీవితం కాదు కదండీ. రోజూ వెయ్యిసార్లు కర్ర తిప్పడం ఆటలో పెడితే ఎవరాడతారు? పగలంతా ఆఫీసులో నలిగిన మనిషి ఆదివారం కాసేపు వీరుడు కావాలనుకుంటాడు. ఆ కాసేపటి వీరత్వాన్ని వాడికి ఇవ్వడమే నా పని.

పుస్తకం వెనుక అట్ట మీద చూసే ఉంటారు, వెదురుకత్తి సాము కెందోలో నేను మూడో దాన్ స్థాయి వాణ్ణి. కుడిచేతి బలం మీద కత్తిని నిలబెట్టి దెబ్బ వేసేటప్పుడు వచ్చే ఊపు ఏమిటో నాకూ తెలుసు. తెలిసే, ఆట కోసం సులువు చేశాను.

రెండో ముద్రణ పని జరుగుతోంది. మీ సూచన గుర్తుంచుకుంటాం.

ఇట్లు,
నెమొతొ షూహెయ్


మత్సుయె
డిసెంబరు 2, 1987

నెమొతొ గారికి,

చలి ముదిరింది. వార్డు కిటికీల మీద ఆవిరి పట్టి, సరస్సు ఉందో లేదో తెలియని తెలుపులో రోజులు గడుస్తున్నాయి.

కుడిచెయ్యి అని రాశారు. ఒకసారి పొరపాటు అనుకుందామంటే, "బలం" అని కూడా రాశారు. కత్తిని మోసేది ఎడమచెయ్యి. కుడిచెయ్యి దారి చూపిస్తుంది, అంతే. మొదటి వారం పిల్లకైనా ఇది తెలుసు. కుడిచేతితో బిగించినందుకు గురువు మణికట్టు మీద తట్టని రోజు ఉండదు.

మీరు మూడో దాన్ కాదు. బహుశా వెదురుకత్తి పట్టుకున్నవారే కాదు.

నాకు కోపం పోయింది. ఎందుకంటే ఇప్పుడు కారణం తెలిసింది. తెలియకే రాశారు. తెలిసి రాయడం వేరు.

ఈ ఉత్తరం మీకు ఒక్కరికే. ఆఫీసులో చదివి వినిపించకండి.

ఇసొ


టోక్యో
జనవరి 6, 1988

ఇసొ గారూ,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు మొదట చెప్పాలి. చెప్పడానికి మొహం చెల్లక నెల రోజులు ఆగాను.

మీరు చెప్పింది నిజం. నేనెప్పుడూ ఏ ఆయుధమూ పట్టుకోలేదు. ఆ అట్ట మీద మాట మొదట మా ఎడిటర్ అకుత్సు గారు సరదాగా అన్నారు, "ఏదో ఒకటి ఉండాలోయ్, మూడో దాన్ అని వేసేద్దాం" అని. నేను కాదనలేదు. అచ్చయ్యాక చూసుకుంటే బాగుంది. తర్వాత నలుగురూ అడిగితే కథలు కూడా చెప్పాను.

నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. మా ఇంటి వెనుక గోడకు ఆనుకుని కెందో శిక్షణశాల ఉండేది. శీతాకాలం అంతా పక్కలోనే ఉండేవాణ్ణి. గోడ అవతల నుంచి అరుపులు, చెక్కనేల మీద కాళ్ళ దరువు, వెదురు వెదురును తాకే చప్పుడు. జ్వరంలో ఉన్నప్పుడు ఆ చప్పుళ్ళు మా గదిలోకి వచ్చేవి. పైకప్పు మరకల్లో మనుషులు కనిపించేవాళ్ళు. ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరు తప్పుకున్నారో నేనే నిర్ణయించేవాణ్ణి. ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళి చూడలేదు. పదేళ్ళు విన్నాను, అంతే.

ఆటలో నేను రాసినదంతా గోడ ఇవతల విన్నది.

రెండో ముద్రణ వేసవికి రావాలి. ఇంకా మార్చవచ్చు. అడగడానికి నాకు అర్హత లేదు గాని అడుగుతున్నాను. ఏమీ రాని మనిషి, వచ్చిన మనిషిగా మారడానికి ఎన్ని రోజులు పడుతుంది? మధ్యలో ఏమవుతుంది?

షూహెయ్


మత్సుయె
ఫిబ్రవరి 3, 1988

షూహెయ్ గారూ,

గోడ అవతల చప్పుళ్ళ గురించి చదివాక ఆ మధ్యాహ్నం చాలాసేపు కళ్ళు మూసుకుని పడుకున్నాను. మా శిక్షణశాల చప్పుళ్ళు కూడా వినిపించాయి.

మీరు నిజం చెప్పారు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. సెప్టెంబరులో నాకు పక్షవాతం వచ్చింది. కుడివైపు చచ్చుబడింది. ఈ వంకర అక్షరాలు ఎడమచేతివి. నర్సు మిహొ రోజూ నా చేత చాప్‌స్టిక్స్‌తో బీన్స్ గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయిస్తుంది. మొన్న పదకొండు వేశాను. కలలో మాత్రం నా కుడిచెయ్యి బాగానే ఉంటుంది. నేలంతా మంచు, నా చేతిలో పొడుగాటి కర్ర, ఎదురుగా ఎవరూ ఉండరు. హాయిగా తిప్పుతూ ఉంటాను. మెలకువ వచ్చాక అది ఎవరి చెయ్యో అనిపిస్తుంది.

ఇక మీ ప్రశ్న.

మొదటి వంద రోజుల్లో మనిషికి ఉన్నది కూడా పోతుంది. ఇది రాసుకోండి, మీ పుస్తకంలో ఎక్కడా లేదు. కొత్త పిల్ల తనకు తోచినట్టు కర్ర ఊపుతుంది. అందులో ఒక సహజమైన జోరు ఉంటుంది. మేం దాన్ని విరిచేస్తాం. నిలబడటం మారుస్తాం, ఊపిరి మారుస్తాం. ఆ సమయంలో ఆ పిల్ల, ఏమీ నేర్చుకోని పిల్ల చేతిలో కూడా ఓడిపోతుంది. ఏడుస్తుంది. సగం మంది అక్కడే మానేస్తారు.

రెండేళ్ళకు చేతులకు తెలుస్తుంది. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో కంటికి తెలియడానికి పదేళ్ళు. గెలుపు ఏమీ నేర్పదు. ఎందుకు గెలిచామో మనకు తెలియదు కదా. ఓడినప్పుడు మాత్రం ఎక్కడ దెబ్బ తగిలిందో ఒంటికి తెలుస్తుంది.

ఇంకొకటి. శిక్షణశాలలో వచ్చినదంతా బయట రాదు. ఎదురుగా నిజంగా చంపాలనుకునే మనిషి నిలబడితే గుండె దడకే సగం విద్య పోతుంది. ఎవరికి ఎంత మిగులుతుందో ముందుగా గురువుకైనా తెలియదు.

మూడు నెలలు నేర్చుకున్న పిల్ల

ఆ వాక్యం అలా వదిలేస్తున్నాను. మిహొ బీన్స్ గిన్నె పట్టుకుని వచ్చింది.

ఇసొ


టోక్యో
మార్చి 14, 1988

ఇసొ గారూ,

ఇక్కడ ప్లమ్ పూలు రాలిపోయాయి. చెర్రీలకు ఇంకా టైముంది. ఏ పూలూ లేని ఈ రెండు వారాలే నాకు ఊపిరి బాగా ఆడే రోజులు.

మీ ఉత్తరాన్ని పక్కన పెట్టుకుని కొట్లాట నియమాలన్నీ మళ్ళీ రాశాను. ఇప్పుడు ప్రతి మనిషికీ రెండు అంకెలు. ఒకటి శిక్షణశాలలో ఎంత వచ్చో చెబుతుంది. రెండోది గుండె దడలో ఎంత మిగులుతుందో చెబుతుంది. రెండోదాన్ని ఆడేవాడు ముందుగా చూడకూడదు. నిజంగా కత్తి ఎదురైనప్పుడే పాచిక వేసి తెలుసుకోవాలి. గెలిస్తే పాయింట్లు లేవు. కాలం గడిస్తేనే విద్య పెరుగుతుంది. మొదటి వంద రోజులు తగ్గుతుంది.

అకుత్సు గారు చదివి కాగితాలు బల్ల మీద పడేశారు. "ఏమిటోయ్ ఇది? జనం ఆటకొచ్చేది వీరుడు కావడానికి, కొత్త శిష్యుడిలా శిక్షణశాల నేల తుడవడానికి కాదు!"

"నేల తుడిచాకే వీరుడవుతాడండీ," అన్నాను.

"అంతవరకూ ఎవడు కూర్చుంటాడు? నువ్వు కూర్చున్నావా, మూడో దాన్?" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

నాకొకటి అర్థం కావడం లేదు, ఇసొ గారూ. నియమాల పట్టికలో రెండేళ్ళ వరుస నిండింది, పదేళ్ళ వరుస నిండింది. మూడు నెలల వరుస ఖాళీగా ఉంది. మీ వాక్యం అక్కడే ఆగిపోయింది. బీన్స్ గిన్నె నిజమే అయ్యుండవచ్చు. అయినా అడుగుతున్నాను. మూడు నెలలు నేర్చుకున్న పిల్లకు ఏమవుతుంది?

షూహెయ్


మత్సుయె
ఏప్రిల్ 18, 1988

షూహెయ్ గారూ,

పూల గురించి రాయలేను. కోట చుట్టూ బాగా పూశాయట, కగెయామా గారు కర్రల మీద వెళ్ళి చూసొచ్చారు.

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

1945 వసంతంలో నేను ఆడపిల్లల బడిలో టీచర్ని. ఇరవై నాలుగేళ్ళు. పైనుంచి కాగితం వచ్చింది, శత్రువు ఒడ్డుకు దిగితే ఆడపిల్లలు కూడా ఎదిరించాలి, నగినాత నేర్పండి అని. అందరికీ తల ఒక్కింటికి ఒక చెక్క కర్ర, మూడు నెలల సమయం. చివరి రోజున నేను వరుసల ముందు నిలబడి, "మీరిప్పుడు ఏ మగవాడి ఎదుటైనా నిలబడగలరు," అన్నాను.

కాగితంలో ఆ మాట లేదు. అది నా మాట. అబద్ధమని నాకు తెలుసు. పన్నెండేళ్ళుగా నేర్చుకుంటున్నదాన్ని, నాకే ఆ ధైర్యం లేదు. కానీ ఆ మాట అనగానే నలభై మంది పిల్లల కళ్ళు వెలిగాయి. ఆ వెలుగు నాకు బాగుంది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళలో తెరుయొ అనే పిల్ల ఉండేది. పదహారేళ్ళు. ఎండలో నల్లబడిన మెడ, పెద్ద గొంతు. జులైలో ఒక మధ్యాహ్నం వాళ్ళ ధాన్యపు కొట్లో దొంగ పడ్డాడు. ఎక్కడినుంచో పారిపోయి, ఆకలి మీద ఉన్న మనిషి. చేతిలో కొడవలి. ఇంట్లో తెరుయొ, జ్వరంతో పడుకున్న చెల్లెలు తప్ప ఎవరూ లేరు. తెరుయొ చెక్క నగినాత తీసుకుని అతని ఎదుటికి వెళ్ళింది.

ఎడమకన్ను పోయింది.

ఆసుపత్రికి వెళ్ళాను. తలుపు దాకా వెళ్ళాను. లోపల ఆమె నవ్వుతూ ఎవరితోనో ఏదో చెబుతోంది. ఆ పెద్ద గొంతు వినిపించగానే వెనక్కి వచ్చేశాను. నెలకే యుద్ధం ముగిసింది. నగినాత నేర్పడం నిషేధించారు. ఎనిమిదేళ్ళు నేర్పలేదని మొదటి ఉత్తరంలో రాశానే, అందరూ నిషేధం వల్ల అనుకున్నారు. అదే నాకు చాటయింది. మళ్ళీ మొదలుపెట్టాక ఏ పిల్లకూ, నీకు వచ్చింది అని చెప్పలేదు. కఠినురాలని పేరొచ్చింది.

కగెయామా గారు "ఇవాళ్టి నుంచి నిపుణురాలు" అన్నప్పుడు నాకు మీ మీద కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందా? మీరు తెలియక రాశారు. నేను తెలిసి చెప్పాను.

మీ ఖాళీ వరుసలో ఏం రాయాలో మీ ఇష్టం.

ఇసొ


టోక్యో
మే 5, 1988

ఇసొ గారూ,

మీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. జవాబుగా ఏం రాయాలో తెలియక, జరిగింది రాస్తున్నాను.

సెలవుల ముందు ఆఫీసులో కొత్త నియమాలతో ఆడించాను. అకుత్సు గారిని బతిమాలి కూర్చోబెట్టాను. ఆయనకు ఒక రైతు పిల్ల పాత్ర ఇచ్చాను. మూడు నెలల సాధన. ఆయన వెటకారంగా, "వంద రోజుల కంటే తక్కువ, అంటే నేను అధమం, అంతేగా?" అన్నారు. మంచు పడుతున్న ఊరు, ఖాళీ వీధి, ఎదురుగా కత్తి దూసిన సైనికుడు వస్తున్నాడని చెప్పాను.

"కొట్టేస్తాను," అన్నారు.

"ముందు గుండె దడ పాచిక వేయండి."

వేశారు. ఆ పిల్ల శిక్షణశాల అంకె మూడు, అందులో ఒక్కటే మిగిలింది. ఆయన కాసేపు పాచిక వంక చూశారు. సైనికుడు ఇంకో అడుగు వేశాడని చెప్పాను.

"ఇల్లు ఎంత దూరం?" అని అడిగారు.

"పది అడుగులు."

"తలుపు! లోపలికి వెళ్ళి తలుపేసేస్తాను! గడియ ఉందా? ఉంది కదా?"

యాభై ఏళ్ళ మనిషి, చొక్కా చేతులు పైకి మడిచి, బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. పిల్ల బతికింది. ఆట అయ్యాక బయట వాన మొదలైనా ఎవరూ లేచి కిటికీ మూయలేదు. చివరికి అకుత్సు గారు, "ఉంచు. ఇది ఉంచు," అని లేచి వెళ్ళిపోయారు.

ఖాళీ వరుసలో ఇలా రాశాను: "మూడు నెలలు. పారిపోవడానికి సిగ్గుపడవద్దు." వెనుక అట్ట మీద నా గురించి ఉన్న మాట తీయించాను. ఇప్పుడు అక్కడ నా పేరు, నేను పుట్టిన ఊరు మాత్రమే ఉన్నాయి. అబద్ధం తీసేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. దాన్ని గురించి అకుత్సు గారితో మాట్లాడే ధైర్యం తెచ్చుకోవడానికి నాలుగు నెలలు.

మీకు సలహా చెప్పేంతవాణ్ణి కాను. ఒక్కటే అడుగుతాను. తెరుయొ గారు ఉన్నారా?

షూహెయ్


మత్సుయె
జూన్ 27, 1988

షూహెయ్ గారూ,

వానలు. సరస్సుకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయి పది రోజులైంది. నన్ను ఆసుపత్రి నుంచి పంపించేశారు. చేతికర్రతో నడుస్తున్నాను.

తెరుయొ ఉంది. ఎక్కడుందో నాకెప్పుడూ తెలుసు. హిరాతలో సోయా సాస్ కాచే ఇంటికి కోడలిగా వెళ్ళింది. ఇక్కడినుంచి రైల్లో గంట కూడా పట్టదు. ఆ గంట దూరాన్ని నలభై మూడేళ్ళు దాటలేదు.

పోయిన గురువారం వెళ్ళాను. రైలు నీళ్ళ అంచునే వెళుతుంది. పెట్టెలో నేనూ, వానగొడుగుతో ఒక ముసలాయనా తప్ప ఎవరూ లేరు. ఏ స్టేషన్లు దాటానో గుర్తులేదు. ఒకచోట దిగి వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. కాలు సమయానికి లేవలేదు. తలుపులు మూసుకున్నాయి. నిజంగానే కాలు లేవలేదో, నేనే లేవలేదో చెప్పలేను.

దుకాణం ముందు గదిలో తెరుయొ సీసాలకు కాగితాలు అంటిస్తోంది. ఒక కంటికి నల్ల అద్దం ఉన్న కళ్ళజోడు. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"సొనొయామా టీచర్‌గారు," అంది. అడగలేదు, చెప్పింది. అదే పెద్ద గొంతు.

నిలబడి చెప్పాలనుకున్నాను. నిలబడలేక మెట్టు మీద కూర్చుని చెప్పాను. "నీ కన్ను నా వల్ల పోయింది. నిలబడగలవని చెప్పాను. నమ్మి వెళ్ళావు. క్షమించమని అడగడానికి వచ్చాను."

తెరుయొ జిగురు కుంచె పక్కన పెట్టింది. నన్ను తేరిపార చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కోపంతో కాదు, నిజంగానే నవ్వింది.

"మీరు చెప్పారని వెళ్ళాననుకున్నారా? అమ్మో! మీకెంత గర్వమండీ టీచర్‌గారూ! లోపల నా చెల్లెలుంది. కర్ర దొరక్కపోతే చీపురు పట్టుకుని వెళ్ళేదాన్ని. ఆ పొద్దు మీ మొహం కూడా నాకు గుర్తు రాలేదు."

ఇన్నేళ్ళూ ఆమె కన్ను నా బరువే అనుకుని మోశాను. ఆమె ఒక్క మాటతో దాన్ని వెనక్కి తీసుకుంది. అది ఆమెదే. ఎందుకు వెళ్ళిందో ఆమెకు తెలుసు.

"చెల్లెలు?" అన్నాను.

"వాడు పారిపోయాడు కదా. అది బతికింది. ఇజుమోలో ఉంది, ఇప్పుడు ముగ్గురు మనవలు."

తర్వాత ఆమె నవ్వు ఆగింది. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. "కానీ టీచర్‌గారూ, మీరు అబద్ధమైతే చెప్పారు. అది అబద్ధమని ఆ మనిషి కొడవలి ఎత్తగానే నాకు తెలిసింది. కన్ను పోయినందుకు కాదు, అప్పుడు నేను ఒంటరిదాన్నయిపోయాను. అంతవరకూ మీరు నా వెనకాల ఉన్నారనుకున్నాను. మీరు లేరు. ఆసుపత్రికి కూడా రాలేదు. నేను ఎదురు చూశాను."

"వచ్చాను," అన్నాను. "తలుపు దాకా వచ్చి వెళ్ళిపోయాను."

చూరు నుంచి వాన పడుతోంది. లోపల పెద్ద పీపాల్లోంచి పులిసిన సోయా వాసన వస్తోంది. గదంతా ఆ గోధుమరంగు వాసనలో మునిగినట్టుంది.

"అయితే దానికి క్షమాపణ అడగండి," అంది. "కన్నుకు వద్దు. అబద్ధానికీ, ఆ తలుపుకీ అడగండి."

అడిగాను, షూహెయ్ గారూ. సగం పనిచేసే నోటితో, ఎడమచెయ్యి నేల మీద ఆనించి, తల వంచి అడిగాను. కుడిచెయ్యి కూడా నేల మీదికి రావాలి కదా, అది రాలేదు. తెరుయొ వంగి ఆ చేతిని తన చేత్తో తీసి, ఎడమచేతి పక్కన పెట్టింది.

"సరే," అంది.

అంతే. తర్వాత ముద్దలుగా చేసిన అన్నం, గుల్లల పులుసు పెట్టింది. ఎడమచేత్తో తినడం చూసి, "బాగా నేర్చుకున్నారే, ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"తొమ్మిది నెలలు," అన్నాను. "ఇంకా రాలేదు."

ఇసొ